సత్యభామ చమ్కీ పందెం

బెంగుళూరు కాటన్‌పేటలో ఏడిళ్ళ వఠారం ఒకటి ఉంది. మధ్యలో బండలు పరిచిన వాకిలి, ఆ వాకిట్లో ఏడిళ్ళకూ కలిపి ఒకే కుళాయి. ఆ కుళాయి గట్టు దగ్గర సత్యభామతో వాదానికి దిగి గెలిచిన మనిషి 2009 ఆగస్టు దాకా ఒక్కరూ లేరు. వఠారంలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. కాకపోతే కొంచెం పళ్ళు నూరుతూ చెబుతారు.

సత్యభామ పుట్టింది ఆ వఠారంలోనే, మూడో ఇంట్లో. మేనత్త కొడుకు అంజినప్పను చేసుకుని ఐదో ఇంటికి కాపురానికి వెళ్ళింది. అప్పగింతలప్పుడు ఏడుద్దామని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేలోపే అత్తగారి గడప వచ్చేసిందట. ఎస్సెస్సెల్సీ పాసైంది. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. చదివింది పదిమందికి చెప్పకపోతే ఆమెకు అన్నం సయించదు.

1994లో ఎక్కడో ఉత్తరాదిన ప్లేగు వచ్చిందని వినగానే బెంగుళూరు మొత్తం మూతికి చేతిరుమాలు కట్టుకుంది. వఠారంలో మగవాళ్ళు కర్రలు పుచ్చుకుని ఎలుకల వెంట పడ్డారు. సత్యభామ కుళాయి గట్టెక్కి నిలబడి, “ఎలకని చంపితే దాని మీదుండే పురుగు యాడికి పోతాదప్పా? నీ మీదికే దూకుతాది. ముందు ఆ చెత్తకుప్ప ఎత్తండి” అని మొదలుపెట్టింది. మూడు రోజులు వాదించింది. నాలుగో రోజు మగవాళ్ళు కర్రలు పారేసి చీపుర్లు పట్టారు. ఆ తమాషా చూసింది కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రం డాక్టరు సమీనా. ఇంత నోరు ఊరికే వఠారానికి ధారపోయడం అన్యాయమనిపించి, ఆమెను లింక్ వర్కరుగా చేర్చుకుంది. ఇంటింటికీ తిరిగి ఎవరికి జ్వరం, ఎవరికి నెల తప్పింది, ఏ బిడ్డకు టీకా పడలేదు అన్నీ కనుక్కుని కేంద్రానికి చెప్పే ఉద్యోగం అది. సత్యభామకైతే ఉద్యోగం చేస్తున్నట్టే ఉండేది కాదు. ఎలాగూ చేసే పనికి బ్యాగు ఒకటి ఇచ్చారు, అంతే.

పోలియో చుక్కల రోజుల్లో ఒక తాత మనవళ్ళను ట్రంకుపెట్టెల వెనక దాచి తలుపు గడియ పెట్టుకున్నాడు. సత్యభామ కిటికీ ఊచలు పట్టుకుని రెండు గంటలు వాదించింది. చివరికి ఆ తాత, “ముందు నాకెయ్యి, నేను చావకపోతే వాళ్ళకెయ్యి” అని కిటికీలోంచి నాలుక చాపాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి పోలియో చుక్కలు వేసిన ఘనత ఆ వార్డులో సత్యభామకే దక్కింది.

ఇక అంజినప్ప సంగతి. అతను చిక్కపేటలో పట్టుచీరల అంగట్లో సేల్స్‌మన్. పాతికేళ్ళుగా అదే అంగడి, అదే తెల్లపరుపు. చీర మడత విప్పి ఒక్క విసురుతో తన భుజం మీదే వేసుకుని, కుచ్చిళ్ళు చేత్తో పట్టి, ముసిముసిగా నవ్వి, “ఈ రంగు మీకోసమే నేసినారు మేడం” అంటాడు. మీసమున్న మొగాడి మీద అంత బాగుంటే మన మీద ఇంకెంత బాగుంటుందోనని ఆడవాళ్ళు కొనేస్తారు. అతని జేబులో ఎప్పుడూ గుండ్రటి చిన్న పౌడరు డబ్బా ఉంటుంది. పట్టు మీద చెమట చుక్క పడితే మరక పోదు కాబట్టి రోజుకు పదిసార్లు అరచేతులకు పౌడరు రుద్దుకుంటాడు. ఇంత మాటకారి ఇంటికొస్తే ఎదురుగా సత్యభామ. సాయంత్రం కుళాయి దగ్గర ఇద్దరూ దేనిమీదో ఒకదానిమీద మొదలుపెడితే, మిగతా ఆరిళ్ళవాళ్ళూ స్టూళ్ళు తెచ్చుకుని కూర్చునేవాళ్ళు. ప్రతిసారీ సత్యభామే గెలిచేది. అయినా అంజినప్ప మర్నాడు మళ్ళీ తయారు.

2009 ఆగస్టులో స్వైన్ ఫ్లూ వచ్చింది. టీవీలో పొద్దుగూకులూ అదే గోల. మందుల షాపుల్లో మాస్కులు పొద్దున వస్తే మధ్యాహ్నానికి అయిపోతున్నాయి. పంది పేరున్న జబ్బు కదా అని ఎవరో ముందుచూపు మనిషి పక్కవీధి పందుల్ని వాన మొదలయ్యేదాకా తరిమాడు. సరిగ్గా ఆ వారంలోనే సత్యభామ ఒక్కగానొక్క కూతురు నళిని ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. అల్లుడు గిరిధర్ మారతహళ్ళిలో ఏదో కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తాడు. అక్కడ వాళ్ళకు మనిషికొక మాస్కు ఇచ్చి ఫోటో కూడా తీశారట.

నళిని వచ్చిన మర్నాడే డాక్టర్ సమీనా సత్యభామను పక్కకు పిలిచి, “కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ జ్వరం ఊపిరితిత్తుల దాకా పోతే చాలా కష్టం. నీ వార్డులో అందరికీ చెప్పు, ముందు నీ ఇంట్లో చూసుకో” అంది. సత్యభామకు గుండె జారిపోయింది. ఆ భయాన్ని ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి ముగ్గుపిండి తీసుకుని నళిని గది ముందర ఈ గోడ నుంచి ఆ గోడకు తెల్లగా ఒక గీత గీసింది.

“ఈ గీత ఎవురూ దాటకూడదు. ముఖ్యంగా నువ్వు, బావా” అంది.

“నేనేం చేస్తినే?”

“దినానికి మూడొందల మంది ఆడోళ్ళు తాకిన చీరలు నీ భుజాల మీద వేసుకోనొస్తావు. చిక్కపేట జబ్బంతా నీ చొక్కా మీదే ఉంటాది.”

తను మాత్రం దాటేది. తల్లి కదా, పైగా శిక్షణ తీసుకున్న మనిషి. ముక్కుకు మాస్కు కట్టుకుని లోపలికి వెళ్ళి అన్నం పెట్టేది, జడ వేసేది, కాళ్ళు పట్టేది. అంజినప్ప గీత ఇవతల పీట వేసుకుని, “నళినమ్మా, తిన్నావా?” అని కేకేసేవాడు. నళిని లోపల్నుంచి, “తింటిని నాయనా” అనేది. ఒకే ఇంట్లో ఉంటూ ట్రంకాల్ మాట్లాడుకున్నట్టు ఉండేది వాళ్ళ వ్యవహారం.

అంజినప్పకు అసలు బాధ వేరే ఉంది. నళినికి నెల తప్పిందని తెలిసిన రోజే అతను అంగట్లో ఒక చీర పక్కన పెట్టించాడు. లేత అరిటాకు పచ్చ, మామిడిపిందెల అంచు. సీమంతానికి పుట్టింటి పచ్చచీరను తండ్రి తన చేతులతో కూతురి ఒళ్ళో పెట్టడం వాళ్ళ ఇంటి ఆచారం. పాతికేళ్ళు ఊళ్ళోవాళ్ళ కూతుళ్ళకు చీరలు చూపించిన మనిషి, తన కూతురికి ఒక్క చీర పెట్టే రోజు కోసం ఎదురుచూస్తున్నాడు. గౌరి పండగ దాటాక సీమంతానికి మంచిరోజు పెట్టుకున్నారు. గీత మాత్రం చెరగలేదు. చీర పొట్లం బీరువా మీద పెట్టి, దాన్ని చూసుకుంటూ కాఫీ తాగేవాడు.

చివరికి ఒక సాయంత్రం కుళాయి గట్టు దగ్గర అతనికి రోషం వచ్చింది. స్టూళ్ళు వచ్చేశాయి. పక్కింటి అక్కయమ్మ, ఎనభైకి దగ్గర పడ్డ ముసలామె, నీలగిరి తైలంలో తడిపిన కర్పూరం మూట మెడలో కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

“సర్కారోళ్ళు చేసేదాంట్లో ఏది పనికొస్తా ఉండాది చెప్పు సత్యా” అని అంజినప్ప మొదలుపెట్టాడు. “ఏర్‌పోర్టులో జ్వరం చూసే మిషన్ పెట్టినారంట. విమానంలో ఒక మాత్ర మింగి దిగితే ఆ మిషన్‌కి ఏం తెలుస్తాది?”

“వందమందిలో పదిమందిని పట్టుకున్నా, ఆ పదిమంది నుంచి అంటేది తప్పినట్లే కదా” అంది సత్యభామ.

“బళ్ళు మూసినారు. పిల్లోళ్ళు ఇండ్లల్లో ఉండారా? అమ్మల కొంగులు పట్టుకోని మా అంగట్లో ఉండారు! బళ్ళో అయితే నలభై మందే. చిక్కపేటలో నాలుగు వేలమంది.”

సత్యభామ కొంగు నడుముకు దోపుకుంది. ముందు వరస స్టూళ్ళు ఇంకొంచెం దగ్గరికి జరిగాయి. “అది బడి మూసిన తప్పు కాదు. బడి మూసి అంగడి తెరిచిన తప్పు. నీ అంగడి కూడా మూయమంటానా, చెప్పు?”

“వద్దులే” అని అంజినప్ప గబుక్కున మాట మార్చాడు. “సరే, మాస్కు. మా సావుకారు మోహన్‌కుమార్ పొద్దన్నించి పెట్టుకోనే ఉంటాడు. మాట్లాడల్లంటే కిందికి లాగుతాడు. కాఫీ తాగల్లంటే లాగుతాడు. తుమ్మొచ్చినా లాగుతాడు.”

“తుమ్మొస్తే ఎందుకప్పా లాగడం?” అని అక్కయమ్మ అడిగింది.

“మాస్కు పాడైపోతాదని అవ్వా!”

వఠారం వఠారమంతా నవ్వులో మునిగింది. సత్యభామ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది, కానీ పట్టు వదల్లేదు. “మాస్కు తప్పు కాదు బావా, మూతిది తప్పు. సరిగ్గా పెట్టుకుంటే సగం ఆగుతాది. మిగతా సగం చేతుల్లో ఉండాది. తుమ్మిన చెయ్యి చీరని తాకుతాది, చీర ఇంకో చేతిని తాకుతాది, ఆ చెయ్యి ముక్కుని తాకుతాది. సోపేసి ఇరవై లెక్కపెట్టి కడగల్ల. నేను పన్నెండు వీధుల్లో నేర్పిస్తా ఉండా.”

“నా మూట ఉండంగా ఏ పురుగూ రాదు” అంది అక్కయమ్మ.

“నీ మూట వాసనకి మనుషులు దూరం పోతారు అవ్వా. ఆ లెక్కన అది మంచిదే.”

అప్పుడు అంజినప్ప గట్టెక్కాడు. సత్యభామ గట్టు మీద ఇంకొకరు ఎక్కడం అదే మొదలు. “చీర మీద మరక ఉందనుకో, నేను వేలు పెట్టి గిరాకీకి చూపిస్తా. నువ్వు మరక చూపించకుండా చీర పాడైందంటా ఉండావు. చేతులంటా చేతులంటా పోతాదన్నావే, కంటికి చూపించు. చూపించలేవా, గీత దాటి పోయి నా బిడ్డ ఒళ్ళో నా చేత్తోనే చీర పెడతా.”

“చూపిస్తే?”

“కానుపయ్యేదాకా గీత ఇవతలే కూర్చుంటా. చీర నువ్వే పెట్టుకో.”

అన్నాక అంజినప్ప తమ ఇంటి గుమ్మం వైపు చూశాడు. సత్యభామకు అది కనిపించింది. జాలి కూడా వేసింది. కానీ లోపల ఉన్నది బిడ్డ, బిడ్డ కడుపులో బిడ్డ. “సరే” అంది.

మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ చిక్కపేట సందులో, గణపతి కిరీటాలకు అద్దే చమ్కీ పొడి ఒక పొట్లం కొంది. పిండిలా మెత్తగా, వెండిలా తళతళలాడే రకం. మూడో రోజు తెల్లవారగానే, అంజినప్ప స్నానానికి వెళ్ళిన సందు చూసి, అతని పౌడరు డబ్బా మూత తీసి చమ్కీ పోసి, పౌడరంతా పళ్ళెంలో వేసి రెండు చేతులతో కలిపి మళ్ళీ నింపింది. నవ్వు పొంగుకొస్తుంటే పెదవి కొరుక్కుంది. చేతులు బకెట్లో ఒకసారి ఆడించి, కొంగుకు తుడుచుకుని, నళినికి జడ వేసి, భర్తకు క్యారియర్ కట్టి ఇచ్చింది. అంజినప్ప వసారాలో చీకట్లోనే, కళ్ళజోడు లేకుండా, అరచేతులకు పౌడరు రుద్దుకుని బయల్దేరాడు. రోజంతా జరీ మధ్య బతికే మనిషికి చేతులు మెరిస్తే అనుమానం రాదు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక సత్యభామ మాస్కు కట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని, భర్త వెళ్ళిన దారిలోనే బయల్దేరింది.

వీధి మొదట్లో అరటిపళ్ళ బండి. అంజినప్ప రోజూ నాలుగు పళ్ళు నొక్కి చూసి ఒక్కటీ కొనకుండా పోతాడని ఆమెకు తెలుసు. నాలుగు పళ్ళు ఎండలో తళతళలాడుతున్నాయి. బండివాడి చెవి కూడా. సత్యభామ నోట్‌బుక్ తీసి రాసుకుంది. సర్కిల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు. అంజినప్పకు అతనితో దోస్తీ, రోజూ చెయ్యి కలపందే ముందుకు సాగడు. పోలీసాయన చెయ్యెత్తి బస్సును ఆపితే అరచెయ్యి మిలమిలా మెరిసింది. ఆ చేత్తోనే మీసం దువ్వుకున్నట్టున్నాడు, మీసం పెళ్ళికొడుకు బాసికంలా ఉంది. విజిల్ కూడా మెరుస్తోంది. విజిల్ ఉండేది నోట్లో. సత్యభామ అది రెండుసార్లు అండర్‌లైన్ చేసింది.

చిక్కపేట మూలలో కాఫీ అంగడి. అంజినప్ప అక్కడ మూటలు మోసే వెంకటగిరియప్పతో కలిసి బైటూ కాఫీ తాగుతాడు, ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోయించుకుని. వెంకటగిరియప్ప తోపుడుబండి మీద కూర్చుని ఉన్నాడు. అతని ముక్కు చివర వజ్రపు పుడకలా ఒక మెరుపు, పెదవి మీద మూడు, కన్ను నలుపుకున్నాడేమో రెప్ప మీద ఒకటి. “ఏమమ్మా అట్ల చూస్తా ఉండావు?” అన్నాడు. సత్యభామకు మాస్కు వెనక నవ్వు తన్నుకొచ్చి ఊపిరాడలేదు. దగ్గు వచ్చినట్టు నటిస్తే, పక్కనున్న నలుగురూ చప్పున అటు గెంతారు.

పాతికేళ్ళలో ఆమె భర్త పనిచేసే అంగడి మెట్లెక్కడం అదే మొదటిసారి. లోపల గౌరి పండగ రద్దీ, కాలు పెట్టే సందు లేదు. తెల్లపరుపు మీద మెరుపు, నిలువుటద్దం మీద మెరుపు. పసుపుచీర గడ్డం కింద ఆనించుకుని అద్దం చూసుకుంటున్న పెళ్ళికూతురి గడ్డం మీద మెరుపు, ఆమె చంకలో నిద్రపోతున్న అక్క బిడ్డ బుగ్గ మీద మెరుపు. అంజినప్ప రాగానే లక్ష్మీదేవి పటం పాదాలు తాకి కళ్ళకద్దుకుంటాడు కాబట్టి, అమ్మవారికి కూడా సోకింది. సావుకారు మోహన్‌కుమార్ మాస్కు ముందుభాగం మొత్తం వెండిపూత. కిందికి లాగినప్పుడల్లా వేలిముద్ర, పైకి ఎగదోసినప్పుడల్లా ఇంకో వేలిముద్ర. మాస్కు గురించి అంజినప్ప చెప్పింది అబద్ధం కాదని సత్యభామ నోట్‌బుక్‌లో నిజాయితీగానే రాసుకుంది.

అంజినప్ప ఆమెను చూశాడు. మాస్కు ఉన్నా గుర్తుపట్టాడు. ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత వంగపండు రంగు చీర ఒకటి విసిరి భుజం మీద వేసుకుని, ముసిముసిగా నవ్వి, “ఈ రంగు మీకోసమే నేసినారు మేడం” అన్నాడు.

సత్యభామకు సిగ్గు ముంచుకొచ్చింది. నలభై నాలుగేళ్ళ వయసులో, పట్టపగలు, నలభై మంది ఆడవాళ్ళ మధ్య. చేతులు వెనక్కి కట్టుకుని, “మళ్ళీ వస్తాలెండి” అని మెట్లు దిగి పారిపోయింది.

సాయంత్రం వఠారంలో స్టూళ్ళు చాలలేదు. ఎవరికి ఎవరు చెప్పారో, వెంకటగిరియప్ప కూడా వచ్చాడు, సావుకారు కూడా స్కూటర్ దిగాడు. అంజినప్ప వాకిట్లోకి రాగానే సత్యభామ గట్టెక్కింది. పెద్ద లైటు వేయించింది.

“అందరూ పక్కోళ్ళ మొగాలు చూడండి” అంది.

చూసుకున్నారు. ముందు ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత వాకిలంతా గగ్గోలు. “నీ చెవి!” “నీ మెడ!” “సావుకారూ, మీ బట్టతల!” అక్కయమ్మకు పొద్దున అంజినప్ప ఆకువక్క చుట్టి ఇచ్చాడు. ఆమె బోసినోరు తెరిస్తే చిగుళ్ళు మెరిశాయి, మెడలో కర్పూరం మూట కూడా మెరిసింది. ముసలామె మూటను విప్పి చూసి, “దీంట్లోకి కూడా దూరిండాదే!” అని మొత్తుకుంది. సత్యభామ పౌడరు డబ్బా సంగతి చెప్పి, నోట్‌బుక్ తీసి అరటిపండు నుంచి అమ్మవారి దాకా గడగడా చదివింది. “పొద్దన్నించి ఒక్క మనిషి, రెండు చేతులు. చాలునా బావా, ఇంకా చూపించల్లనా?”

అంజినప్ప తన అరచేతుల్ని లైటు కింద తిప్పి చూసుకున్నాడు. అందరూ నవ్వుతున్నారు, అతను నవ్వలేదు. లోపలికి వెళ్ళి బీరువా మీది చీర పొట్లం తెచ్చాడు. చేతులు తగలకుండా కండువాతో పట్టుకుని భార్య ముందు పెట్టాడు. “ఓడిపోతినిలే సత్యా. నువ్వే పెట్టు. మామిడిపిందె అంచు పైకొచ్చేటట్ల పెట్టు” అన్నాడు. కళ్ళు తుడుచుకుందామని చెయ్యెత్తి, చెయ్యి చూసుకుని, మళ్ళీ దించేశాడు.

గెలిచిన సంతోషం సత్యభామకు ఆ క్షణంలోనే చేదైపోయింది. ఏదో అనబోయింది. ఇంతలో, బయట ఇంత గలాటా అవుతుంటే లోపల కూర్చోలేక, నళిని గీత దాకా వచ్చి తొంగిచూసింది. “ఏమైందమ్మా, నాకూ చెప్పండి!”

పెద్ద లైటు వెలుగు నళిని మీద పడింది. పాపిట్లో మెరుపు. చెంపల మీద మెరుపు. ఎత్తుగా ఉన్న కడుపు దగ్గర నీలం చీర మీద, ఐదు వేళ్ళూ విడివిడిగా, ఒక నిండు అరచెయ్యి ముద్ర మెరుస్తోంది.

వాకిట్లో ఉన్నవాళ్ళందరూ అంజినప్ప వైపు తిరిగారు.

“బావా!” సత్యభామ కేక పెట్టింది. “గీత దాటినావా?”

“నీ మీదొట్టు, దాటలేదే! పొద్దన పోయినోణ్ణి ఇప్పుడే కదా వస్తిని!”

“నాయన రాలేదమ్మా” అంది నళిని, అమాయకంగా. “పొద్దన నువ్వే కదా జడేసింది. బిడ్డ తంతా ఉండాదా అని కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది కూడా నువ్వే.”

సత్యభామ గట్టు మీద నుంచే తన చేతుల్ని చూసుకుంది. బకెట్లో ఒకసారి ఆడించిన చేతులు. పన్నెండు వీధుల్లో ఇరవై లెక్కపెట్టమని నేర్పుతున్న చేతులు. జబ్బంతా చిక్కపేట నుంచి, మొగుడి చొక్కా మీద వస్తుందని గీత గీసింది. వారం రోజులుగా జ్వరాల ఇళ్ళు వరసగా తిరిగింది తను. పిల్లల నుదుళ్ళు పట్టి చూసింది తను. సాయంత్రం గీత దాటి, అలవాటుగా కొంగుకు చేతులు తుడుచుకుని, బిడ్డ తల నిమిరింది కూడా తనే. ఈ రోజు అంటింది చమ్కీ కాబట్టి కనిపించింది. నిన్న ఏం అంటిందో, మొన్న ఏం అంటిందో! ఆమె గట్టు మీదే కూలబడింది.

“జ్వరముందా నీకు? దగ్గు? గొంతు నొప్పి?” అని అక్కణ్ణుంచే కూతుర్ని అడిగింది.

“ఏమీ లేదమ్మా. ఆకలి ఉండాది, అంతే.”

ఆ మాట విన్నాక గానీ సత్యభామకు ఊపిరి రాలేదు. అప్పుడు అందరూ వినేలా, పాతికేళ్ళలో ఎన్నడూ అనని మాట అంది. “నేను ఓడిపోతిని.”

అక్కయమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏమన్నావూ?” అని అడిగింది. మళ్ళీ అనిపించుకుందామని ముసలామె ఆశ.

“ఓడిపోతిని అవ్వా! గీత నా కోసం గీయల్లసింది.”

అంజినప్ప ఎగిరి గంతేసి ఉండవచ్చు. వెయ్యకపోవడమే కాదు, కుళాయి తిప్పి, సబ్బు తెచ్చి, పెళ్ళాం పక్కన గొంతు కూర్చున్నాడు. “ఇద్దరమూ ఓడిపోతిమి. చెయ్యి చాపు” అన్నాడు. తన చేతులతో ఆమె చేతులు పట్టుకుని రుద్దాడు. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు. సత్యభామ ఒకటి నుంచి ఇరవై లెక్కపెట్టింది. లైటు కింద చూసుకుంటే ఇంకా మెరుస్తున్నాయి. మళ్ళీ ఇరవై. మూడోసారికి వఠారమంతా గొంతు కలిపి లెక్కపెట్టింది. తర్వాత కుళాయి దగ్గర లైను కట్టారు, సావుకారుతో సహా. ఆయన మాస్కు తీసి చూసుకుని, నోరెత్తకుండా చెత్తడబ్బాలో పడేసి, కొత్తది అడిగాడు. దాన్ని ఎలా కట్టుకోవాలో, తుమ్మొచ్చినా ఎందుకు లాగకూడదో సత్యభామ అక్కడే పాఠం చెప్పింది. ఓడినంత మాత్రాన నోరు పోదు కదా.

గౌరి పండగ దాటాక సీమంతం జరిగింది. పిలుపులు పదిమందికే. వాకిట్లో కుర్చీలు దూరం దూరంగా వేశారు. గుమ్మం దగ్గర బకెట్టు, చెంబు, సబ్బు. వచ్చినవాళ్ళకు గంధం పూయడానికి ముందు సబ్బు ఇచ్చారు. ఆ సబ్బు దగ్గర కాపలా అంజినప్ప. “చేతులు చూపించండి మేడం, గోళ్ళు కూడా” అని పట్టుచీర చూపించినంత మర్యాదగా అడిగాడు. అందరికంటే ముందు పరీక్ష అయింది సత్యభామకే. రెండుసార్లు వెనక్కి పంపాడు. ముగ్గు గీత ఆ రోజు చెరిపేశారు. మోచేతుల దాకా కడుక్కుని, మాస్కు కట్టుకుని, అంజినప్ప పచ్చచీర మడత విప్పాడు. అలవాటు పోదు కదా, ముందు తన భుజం మీదే విసిరి వేసుకుని, “ఈ రంగు నీకోసమే నేసినారు నళినమ్మా” అన్నాడు. నళిని నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుంది. అతను చీర ఆమె ఒళ్ళో పెట్టాడు, మామిడిపిందెల అంచు పైకి వచ్చేలా.

నవంబరులో నళినికి ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి వార్డు బయట సింకు దగ్గర తాతా అమ్మమ్మా ఇద్దరూ నిలబడి, ఎవరి చేతులు ముందు శుభ్రమైతే వాళ్ళు ముందు ఎత్తుకోవాలని పోటీపడ్డారు. సత్యభామే ముందు ముగించింది. గబగబా లోపలికి వెళ్ళి రెండు చేతులూ చాపింది. నళిని బిడ్డను అందించబోయింది.

కిటికీ ఎండ సత్యభామ చేతి మీద పడుతోంది. బంగారు గాజు నగిషీ సందులో, మూడు నెలల కిందటి చమ్కీ రవ్వ ఒకటి, ఆవగింజలో సగం కూడా లేనిది, తళుక్కుమంది.

నళిని చూడలేదు. అంజినప్ప ఇంకా సింకు దగ్గరే ఉన్నాడు. సత్యభామ చాపిన చేతులు వెనక్కి తీసుకుంది. “ఒక నిమిషం అమ్మా” అని బయటికొచ్చి, గాజులు తీసి భర్త జేబులో వేసి, మళ్ళీ కుళాయి తిప్పి, ఒకటి నుంచి గొంతెత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.